ఒకే ఫైలులో ఉన్న ప్రోగ్రామును ఒకే ఆదేశంతో కంపైల్ చేసి నడిపించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కర్నూలులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నారు. సి ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా టెర్మినల్లో జీసీసీ కంపైలర్ వరుస ఒకసారి, ./ఏ.అవుట్ మరొకసారి కొట్టవలసి వస్తోంది. ఎడిటర్లో ఉన్న రన్ బటను వాడదామంటే ఉబుంటు లినక్స్ ఉన్న మీ నాలుగు జీబీల పాత ల్యాప్‌టాప్ ఆ ఎడిటర్ బరువును మోయలేకపోతోంది. కాబట్టి ఫైలు పేరు చెప్పగానే కంపైల్ చేసి, వెంటనే నడిపించే చిన్న కమాండ్ లైన్ సాధనం ఏదైనా ఉందా, సి++, జావాలకు కూడా అదే పనికొస్తుందా అని అడిగారు. నేను అనంతపురంలో సి, జావా ల్యాబులు చూసుకునే పనిలో ఉన్నాను. ఇదే అవసరం మా విద్యార్థులకు ప్రతి ఏడూ వస్తుంది కనుక కాస్త వివరంగానే రాస్తాను. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్లో వాటిని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి.

అలాంటి సాధనం ఉంది, పైగా మీ ఉబుంటులో ఇప్పటికే ఉండి ఉంటుంది. అయితే ఇలాంటి సాధనాన్ని ఎంచుకునేటప్పుడు ఎన్ని కీలు తక్కువ నొక్కుతున్నామన్నది నా దృష్టిలో రెండో విషయం. తెర మీద కనిపిస్తున్న ఫలితం మీరు ఇప్పుడే రాసిన ప్రోగ్రాముదేనా, ఆ ప్రోగ్రాము ఎలా ముగిసిందో సాధనం ఉన్నదున్నట్టు చెబుతోందా అన్నవి మొదట చూడవలసిన విషయాలు. ఈ రెండింటిలో ఏది తప్పినా, మిగిలిన సమయాన్ని పది రెట్లుగా తిరిగి చెల్లించుకోవలసి వస్తుంది.

ఉదాహరణకు ఉల్లి.సి అనే ఫైలును తీసుకుందాం. కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చిన ఉల్లి బస్తాల బరువులను ఒక్కొక్కటిగా చదివి, మొత్తం ఎన్ని కిలోలో చెప్పే చిన్న ప్రోగ్రాము అది. దీనికి అన్నిటికంటే సులువైన దారి మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేసిన ఈ సాధనం పెద్ద ప్రాజెక్టులకే తప్ప మనకు అక్కరలేదని చాలామంది అనుకుంటారు. కానీ మేక్‌ఫైల్ (మేక్‌కు సూచనలు రాసిపెట్టే ఫైలు) అసలు లేకపోయినా మేక్ పనిచేస్తుంది, ఎందుకంటే సి ఫైలు నుంచి నడిపే ఫైలును ఎలా తయారుచేయాలో చెప్పే నియమాలు దానిలో ముందే ఉన్నాయి. ఉల్లి.సి ఉన్న ఫోల్డరులో నిలబడి, చివరి చుక్కను, సి అక్షరాన్ని వదిలేసి, ఇలా కొట్టండి:

మేక్ ఉల్లి && ./ఉల్లి

ఉల్లి అనే ఫైలు కావాలని మీరు అడిగారు, పక్కనే ఉల్లి.సి ఉంది, కాబట్టి మేక్ తానే కంపైలర్‌ను పిలుస్తుంది. సి ఫైలు బదులు ఉల్లి.సీపీపీ ఉంటే జీ++ను పిలుస్తుంది. సి ఫైళ్ళ కోసం సీఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీకు కావలసిన ఆప్షన్లను, ఎల్‌డీలిబ్స్ అనే దానిలో -ఎల్ఎం (గణిత ఫంక్షన్ల లైబ్రరీ) వంటి లైబ్రరీలను మీ బ్యాష్ (టెర్మినల్లో ఆదేశాలను చదివి నడిపే షెల్) సెట్టింగుల ఫైలులో ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే ప్రతిసారీ వాటిని రాయనక్కరలేదు.

-ఎల్ఎం సంగతి ఇక్కడే చెప్పాలి. వర్గమూలం కనుక్కునే స్క్వేర్‌రూట్ ఫంక్షన్‌కు 2.0 వంటి స్థిరసంఖ్యను ఇచ్చినప్పుడు ఆ విలువను జీసీసీ కంపైల్ సమయంలోనే లెక్కకట్టేస్తుంది కనుక -ఎల్ఎం లేకపోయినా ప్రోగ్రాము తయారవుతుంది. అదే చోట ఒక వేరియబుల్ పెట్టగానే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటూ లింకర్ (కంపైల్ అయిన కోడును లైబ్రరీలతో కలిపే సాధనం) ఆగిపోతుంది. నిన్న పనిచేసినది ఈరోజు ఎందుకు ఆగిందో తెలియక విద్యార్థులు మొత్తం ఫైలును తిరగరాయడం నేను చూశాను. ఆ సందేశం కంపైలర్‌ది కాదు, లింకర్‌ది. మీరు రాసిన వ్యాకరణంలో దోషం లేదు, కోడు ఉన్న లైబ్రరీ మాత్రమే దొరకలేదు. -ఎల్ఎంను ఫైలు పేరుకు ముందు కాకుండా తర్వాత రాయాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక పై వరుసలోని && గుర్తు దగ్గర కాస్త ఆగాలి. మీ మిత్రులలో చాలామంది దాని చోట సెమికోలన్ పెడతారు, మామూలుగా రెండూ ఒకేలా పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి కూడా. ఇప్పుడు ఇలా ఊహించుకోండి. ఉల్లి.సి ఒకసారి సరిగా కంపైల్ అయి మొత్తం చూపించింది. మీరు తరుగు కింద బస్తాకు ఒక కిలో తగ్గించే వరుసను చేర్చి, దాని చివర సెమికోలన్ మరిచిపోయారు. కంపైలర్ దోషం చూపించి ఆగిపోయింది, కానీ పాత ఉల్లి ఫైలు ఫోల్డరులో అలాగే ఉంది. ఆదేశాల మధ్య సెమికోలన్ ఉంటే షెల్ మొదటిది విఫలమైనా రెండోది నడుపుతుంది కాబట్టి, పాత ప్రోగ్రాము నడిచి పాత మొత్తమే వస్తుంది. దోషాల సందేశం పైకి జరిగిపోయి, కింద అంకె ఒక్కటే కంటికి కనిపిస్తే, తరుగు తీసే వరుస పనిచేయడం లేదని మీరు నమ్ముతారు. తప్పు లేని తర్కాన్ని పట్టుకుని గంటసేపు మారుస్తారు. && పెట్టినప్పుడు మొదటి ఆదేశం సున్నా ఎగ్జిట్ కోడ్‌తో (అంతా సరిగా జరిగిందని చెప్పే సంఖ్యతో) ముగిస్తేనే రెండోది మొదలవుతుంది. మీరు ఏ సాధనం వాడినా, ఎవరు రాసి ఇచ్చిన స్క్రిప్టు తెచ్చుకున్నా, ముందు ఈ ఒక్క విషయం పరీక్షించండి.

మేక్‌కు కూడా ఇలాంటి చిక్కు ఒకటుంది. అది ఫైలు లోపలి విషయాన్ని చూడదు. సి ఫైలును చివరిసారి మార్చిన సమయాన్ని, తయారైన ఫైలు సమయాన్ని మాత్రమే పోలుస్తుంది. ల్యాబులో నిన్న రాసిన ఉల్లి.సి ని దాని పాత సమయంతోనే పెన్‌డ్రైవ్ నుంచి ఇంటి ఫోల్డరులోకి కాపీ చేస్తే, అక్కడ ఈరోజు తయారైన ఉల్లి ఫైలు దానికంటే కొత్తదిగా కనిపిస్తుంది కాబట్టి, మళ్ళీ తయారుచేయవలసిన పని లేదని చెప్పి మేక్ ఊరుకుంటుంది. ఆప్షన్లు మార్చినా అది గమనించదు. అనుమానం వచ్చినప్పుడు మేక్‌కు -బి అనే ఆప్షన్‌ను, పెద్దక్షరంతో, ఇస్తే సమయాలను పట్టించుకోకుండా అంతా కొత్తగా కంపైల్ చేస్తుంది.

./ ఎందుకు రాయాలని చాలామంది అడుగుతారు. షెల్ ఒక ఆదేశం కోసం పాత్ అనే జాబితాలోని ఫోల్డర్లలో మాత్రమే వెతుకుతుంది, మీరు నిలబడిన ఫోల్డరు మామూలుగా ఆ జాబితాలో ఉండదు. అలా ఉండకపోవడం భద్రత కోసమే: ఎవరో ఇచ్చిన ఫోల్డరులో ఎల్ఎస్ అనే పేరుతో వేరే ప్రోగ్రాము ఉంటే, ఫైళ్ళ జాబితా కోసం మీరు ఎల్ఎస్ కొట్టినప్పుడు అది నడవకూడదు. మొదటి ప్రోగ్రాముకు టెస్ట్ అని పేరు పెట్టినవారికి ఇంకో అనుభవం ఎదురవుతుంది. ./ లేకుండా టెస్ట్ అని కొడితే షెల్ లోపలే ఉన్న అదే పేరుగల ఆదేశం నడుస్తుంది, అది ఏమీ ముద్రించదు, దోషం కూడా చూపదు. తెర ఖాళీగా ఉంటుంది, ప్రింట్‌ఎఫ్ పనిచేయలేదేమోనన్న అనుమానం మిగులుతుంది. టైప్ టెస్ట్ అని కొట్టి చూడండి, అది షెల్‌లో భాగమని షెల్లే చెబుతుంది. మీ సాధనానికి పేరు పెట్టేముందు కూడా ఇదే టైప్ ఆదేశంతో ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి.

మేక్ చాలదనిపిస్తే సొంతంగా ఒక బ్యాష్ స్క్రిప్టు రాసుకోవడం మేలు. వేరొకరి సాధనాన్ని దింపుకోవడం కంటే దీన్నే నేను సిఫారసు చేస్తాను, ఎందుకంటే పది వరుసల స్క్రిప్టులో ఏం జరుగుతోందో మీకు ప్రతి అక్షరమూ తెలుస్తుంది, పరీక్ష రోజు ఆ స్క్రిప్టు లేని యంత్రం ముందు కూర్చున్నా చేతితో అదే పని చేయగలుగుతారు. దాని నిర్మాణం ఇలా ఉండాలి. $1 అనేది ఫైలు పేరు. దానిని ఒక వేరియబుల్‌లో దాచి, షిఫ్ట్ అనే ఆదేశంతో తప్పించండి, అప్పుడు మిగిలిన "$@" అంతా మీ ప్రోగ్రాముకు చేరవలసిన ఆర్గ్యుమెంట్లు అవుతుంది. చుట్టూ ఉన్న కొటేషన్ గుర్తులను వదలకూడదు: మనవాళ్ళు ఫోల్డర్లకు ల్యాబ్ 3 అంటూ మధ్యలో ఖాళీతో పేర్లు పెడతారు, కొటేషన్ లేకపోతే షెల్ ఆ పేరును రెండు ముక్కలుగా విడదీస్తుంది. తర్వాత కేస్ వాక్యంతో ఫైలు చివరి భాగం సి, సీపీపీ, జావా, పీవైలలో ఏదో చూసి, తగిన కంపైలర్‌ను పిలవాలి, కంపైలర్ వరుస చివర || గుర్తు పెట్టి ఎగ్జిట్ 1 రాయాలి. అంటే కంపైల్ విఫలమైన క్షణమే స్క్రిప్టు ఆగిపోవాలి.

తయారైన ఫైలును ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ల్యాబుల్లో సగం ఫిర్యాదులు అక్కడే పుడతాయి. సి ఫైలు పక్కనే పెడితే, పెన్‌డ్రైవ్ మీద పనిచేసేవారికి "పర్మిషన్ డినైడ్" వస్తుంది. మన పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. ఈ ఫైలును నడపవచ్చు అన్న యూనిక్స్ అనుమతిని గుర్తుపెట్టుకునే చోటు ఆ పద్ధతిలో లేదు, డెస్క్‌టాప్ లినక్స్‌లు వాటిని తగిలించేటప్పుడు సాధారణంగా ఫైళ్ళకు ఆ అనుమతి ఇవ్వవు. అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశం ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం ఉండదు. పోనీ తాత్కాలిక ఫోల్డరైన టెంప్‌లో ఎప్పుడూ ఒకే పేరుతో పెడదామంటే, ఒకే యంత్రంలో పలువురు లాగిన్ అయ్యే ల్యాబులో మీకంటే ముందు వచ్చినవారి ఫైలు అదే పేరుతో అక్కడ కూర్చుని ఉండవచ్చు. ఈ రెండింటికీ జవాబు ఎంకేటెంప్ -డి అనే ఆదేశం. అది ప్రతిసారీ కొత్త పేరుతో, మీరు తప్ప వేరెవరూ తెరవలేని ఫోల్డరును సృష్టించి, దాని దారిని ముద్రిస్తుంది. ఆ దారిని ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, కంపైలర్‌కు -ఓ ఆప్షన్ ద్వారా ఇవ్వండి. కొన్ని సంస్థల యంత్రాల్లో టెంప్ నుంచి ఏదీ నడవకుండా కట్టడి చేసి ఉంటుంది. అలాంటి చోట -పి ఆప్షన్‌తో మీ హోమ్‌లోని ఒక ఫోల్డరును చూపితే సరిపోతుంది.

ఇలా ప్రతిసారీ కొత్త ఫోల్డరులో కంపైల్ చేస్తే సమయం వృథా కాదా అని మీకు అనిపించవచ్చు. వంద వరుసల సి ఫైలుకు పట్టే కాలం మీ కంటికి తెలియనంత తక్కువ. మారితేనే కంపైల్ చేసే తెలివిని చేర్చబోతే, సమయాల పోలిక, రెండు ఫోల్డర్లలో ఒకే పేరుగల ఫైళ్ళు, మారిన ఆప్షన్లు అన్నీ ఆలోచించాలి, వాటిలో ఒక్కటి తప్పినా పాత ప్రోగ్రామే నడిచే ప్రమాదం తిరిగి వస్తుంది. ఒకే ఫైలు ప్రోగ్రాములకు ఆ తెలివి అవసరం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

పని అయ్యాక ఆ తాత్కాలిక ఫోల్డరును తీసేయాలి. ఇక్కడ చాలా స్క్రిప్టులు ఒక తప్పు చేస్తాయి: ప్రోగ్రామును నడిపిన తర్వాతి వరుసలో తొలగించే ఆర్‌ఎం ఆదేశాన్ని రాస్తాయి. స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ ఎప్పుడూ చివరి ఆదేశానిది కాబట్టి, మీ ప్రోగ్రాము కూలిపోయినా ఆర్‌ఎం విజయవంతంగా ముగిసి సున్నా అన్న జవాబే బయటికి వస్తుంది. దానికి బదులు స్క్రిప్టు మొదట్లోనే ట్రాప్ ఆదేశంతో, ఎగ్జిట్ అయ్యేటప్పుడు ఆ ఫోల్డరును తొలగించమని చెప్పి ఉంచండి. బ్యాష్ ఆ పని చేస్తూనే ప్రోగ్రాము కోడ్‌ను చెడకుండా పైకి పంపుతుంది. ఒక జాగ్రత్త: ప్రోగ్రామును ఎగ్జెక్ ఆదేశంతో నడపకండి, అలా చేస్తే స్క్రిప్టు స్థానంలోకి ప్రోగ్రామే వచ్చేస్తుంది, ట్రాప్ అమలు కాదు.

కంపైలర్‌కు ఇవ్వవలసిన ఆప్షన్ల విషయంలో పిసినారితనం వద్దు. -వాల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా, -జి మూడూ ఎప్పుడూ ఉండాలి. మొదటి రెండింటిలో డబ్ల్యూ పెద్దక్షరం. స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు & మరిచిపోవడం, ఇఫ్ షరతులో == బదులు = రాయడం వంటి వాటిని -వాల్ అక్కడికక్కడే పట్టిస్తుంది. ఎంత సౌకర్యంగా ఉన్నా, హెచ్చరికలను దాచిపెట్టే సాధనాన్ని నేర్చుకునే దశలో వాడకూడదు.

వీటికి తోడు -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్,అన్‌డిఫైన్డ్ అనే ఆప్షన్‌ను (ప్రోగ్రాము నడిచేటప్పుడు మెమరీ తప్పులను పట్టే శానిటైజర్) చేర్చమని నేను ప్రత్యేకంగా చెబుతాను. ఉల్లి.సి లో బరువులను వంద గదుల అర్రేలో దాచుకుంటున్నారనుకుందాం, డేటాలో నూట ఒకటో బస్తా వచ్చింది. ఈ ఆప్షన్ లేకపోతే మొత్తం తప్పుగా రావచ్చు, ప్రోగ్రాము సంబంధం లేని చోట ఆగిపోవచ్చు, ఏమీ జరగనట్టు కూడా కనిపించవచ్చు. ఆప్షన్ ఉంటే, "స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో" అన్న శీర్షికతో, ఏ ఫైలులో ఏ వరుసలో హద్దు దాటారో చూపించి ప్రోగ్రాము ఆగిపోతుంది. -జి ఉన్నందువల్లే ఆ వరుస సంఖ్య కనిపిస్తుంది. ఈ తనిఖీ వల్ల ప్రోగ్రాము వేగం సుమారు సగానికి తగ్గుతుంది కాబట్టి, వేగం కొలవవలసినప్పుడు దీన్ని ఆపి -ఓ2తో (ఇక్కడ ఓ పెద్దక్షరం) కంపైల్ చేసే రెండో పద్ధతిని కూడా స్క్రిప్టులో ఉంచుకోండి.

ప్రతిసారీ కీబోర్డు మీద బరువులు కొట్టే అలవాటు కూడా మానుకోండి. వాటిని ఒక ఫైలులో రాసుకుని, '<' గుర్తుతో ప్రోగ్రాముకు అందించండి. స్క్రిప్టు మీద పెట్టిన ఆ గుర్తు లోపల నడిచే ప్రోగ్రాముకు కూడా వర్తిస్తుంది. ఇలా చేసినప్పుడు ఒక విచిత్రం ఎదురుకావచ్చు. స్కాన్‌ఎఫ్ జవాబు ఈఓఎఫ్ (ఇన్‌పుట్ ముగిసిందన్న సూచన) కానంతవరకు వైల్ లూప్ తిరగాలని రాశారు, డేటా ఫైలులో ఒక చోట 48.5 అని ఉంది. పూర్ణసంఖ్యను అడిగిన స్కాన్‌ఎఫ్ 48 వరకు చదివి చుక్క దగ్గర ఆగుతుంది. తర్వాతి పిలుపులో చుక్క సంఖ్య కాదు కాబట్టి ఏమీ చదవలేక సున్నా ఇస్తుంది. సున్నా ఈఓఎఫ్ కాదు, చుక్క అక్కడే ఉంది, లూప్ ఆగదు, ప్రతి చుట్టులో పాత 48నే మళ్ళీ కలుపుకుంటూ పోతుంది. స్కాన్‌ఎఫ్ జవాబు 1కి సమానంగా ఉన్నంతవరకే తిరగమని రాయడం దీనికి మందు. స్క్రిప్టు వైపు నుంచి రక్షణగా టైమ్‌అవుట్ అనే ఆదేశం ఉంది: టైమ్‌అవుట్ 10 అని ప్రోగ్రాము ముందు రాస్తే, పది సెకన్లకు దాన్ని ఆపి 124 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. అయితే స్క్రిప్టు లోపలి నుంచి పిలిచినప్పుడు టైమ్‌అవుట్ మీ ప్రోగ్రామును వేరే ప్రాసెస్ గుంపులో పెడుతుంది కాబట్టి, కీబోర్డు నుంచి చదవబోయిన ప్రోగ్రాము నిలిచిపోతుంది. --ఫోర్‌గ్రౌండ్ అనే ఆప్షన్ ఇస్తే ఆ ఇబ్బంది పోతుంది. అసలు కీబోర్డు నుంచి చదివే ప్రోగ్రాముకు పది సెకన్ల గడువు పెట్టడం సరికాదు కనుక, ఇన్‌పుట్ ఫైలు నుంచి వస్తున్నప్పుడే టైమ్‌అవుట్ వాడేలా రాసుకోవడం ఉత్తమం.

ఫలితాన్ని రికార్డు కోసం దాచుకోవాలని కొందరు స్క్రిప్టు చివర | గుర్తు పెట్టి, తెర మీద చూపుతూనే ఫైలులో కూడా రాసే టీ ఆదేశానికి పంపుతారు. అప్పుడు $? లో (షెల్ చివరి ఎగ్జిట్ కోడ్‌ను ఉంచే చోటు) కనిపించేది టీ ఎగ్జిట్ కోడ్, మీ ప్రోగ్రాముది కాదు. సెట్ -ఓ పైప్‌ఫెయిల్ అని ముందే చెబితే ప్రోగ్రాము వైఫల్యం దాగదు. పైపులోకి వెళ్ళే ఫలితం వరుసకొకసారి కాకుండా పెద్ద ముద్దగా పోగై వెళుతుంది. కాబట్టి ప్రోగ్రాము మధ్యలో కూలితే, అంతకుముందే అమలైన ప్రింట్‌ఎఫ్‌లు కూడా తెర మీదికి రాకపోవచ్చు. కూలిన చోటును వెతికేటప్పుడు ఫలితాన్ని పైపులోకి పంపకుండా నేరుగా తెర మీదే చూడండి.

మన ప్రాంతపు విద్యార్థులకు ఇంకో సంగతి చెప్పక తప్పదు. నేను చూసిన ల్యాబు మాన్యువల్స్‌లో చాలా ప్రోగ్రాములు డాస్ కాలపు టర్బో సి కంపైలర్ కోసం రాసినవే. వాటిలోని కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ ఫంక్షన్ లినక్స్ జీసీసీలో లేవు. ఆ వరుసలు తీసేస్తే ప్రోగ్రాముకు నష్టం లేదు. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం హెచ్చరికతో ఆగదు, దోషంగానే లెక్క. వాయిడ్ మెయిన్ అని రాసినదాన్ని జీసీసీ ఒప్పుకుంటుంది కానీ, అలాంటి ప్రోగ్రాము ఎగ్జిట్ కోడ్‌గా ఏదో ఒక విలువ మిగులుతుంది, తరచుగా చివరి ప్రింట్‌ఎఫ్ ముద్రించిన అక్షరాల సంఖ్య. అంతా సరిగా జరిగినా విఫలమైనట్టు షెల్‌కు కనిపిస్తుంది, && తర్వాతి ఆదేశం నడవదు. ఇంట్ మెయిన్ అని రాసి సున్నాను రిటర్న్ చేయండి. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇంట్ పరిమాణంలో ఉంది. టర్బో సిలో అది 16 బిట్లు, 32767 దాటదు. యాభై కిలోల బస్తాలు 800 ఉంటే మొత్తం 40000 కిలోలు. టర్బో సి చూపేది -25536. జీసీసీలో ఇంట్ 32 బిట్లు కాబట్టి సరైన మొత్తమే వస్తుంది. రికార్డు పుస్తకంలోని ఫలితానికీ మీ తెర మీది ఫలితానికీ పొంతన కుదరనప్పుడు ముందుగా ఈ తేడాను చూడండి.

జావాకు విడిగా సాధనం రాయనక్కరలేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన జావా 11 నుంచి, జావా ఉల్లి.జావా అని కొడితే చాలు. జావా లాంచరే ఫైలును మెమరీలో కంపైల్ చేసి నడుపుతుంది, డిస్క్ మీద క్లాస్ ఫైలు ఏదీ మిగలదు. 2024 మార్చిలో వచ్చిన జావా 22 నుంచి, పక్కనున్న ఇతర జావా ఫైళ్ళను కూడా అదే వెతికి కలుపుకుంటుంది. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఫైలులో పైన ఉన్న మొదటి క్లాసులోనే మెయిన్ ఉండేలా రాయండి. సహాయక క్లాసును ముందు రాసి మెయిన్ ఉన్న క్లాసును తర్వాత రాస్తే పాత వెర్షన్లలో మెయిన్ కనబడలేదని ఆగిపోతుంది. పబ్లిక్ క్లాసు పేరు, ఫైలు పేరు ఒకటే ఉండాలన్న నియమాన్ని ఈ పద్ధతి పట్టించుకోదు, విడిగా కంపైల్ చేసే జావాసీ ఆదేశం మాత్రం పట్టించుకుంటుంది. ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ఫైలు, జావాసీతో కంపైల్ చేయమని అడిగే ల్యాబు పరీక్షలో దోషం చూపడానికి ఇదే కారణం. పరీక్షకు ముందు ఒక్కసారైనా జావాసీతో చూసుకోండి.

మిగిలిన భాషల గురించి క్లుప్తంగా చెబుతాను. పైథాన్ ఫైలును పైథాన్3 నేరుగా నడుపుతుంది, స్క్రిప్టులో ఒక వరుస చాలు. గో భాషలో గో రన్ ఉంది. అయితే మీ ప్రోగ్రాము 3తో ముగిసినా గో రన్ ఆ సంఖ్యను ముద్రించి, తాను మాత్రం 1తోనే ముగుస్తుంది. సి++లో బిట్స్ ఫోల్డరులోని సర్వసంగ్రహ హెడర్‌ను చేర్చేవారి కంపైల్ సమయం కంటికి తెలిసేంత పెరుగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో అవసరమైన హెడర్లను మాత్రమే చేర్చుకోవడం మంచిది. సి కోసం టైనీ సి కంపైలర్ అని ఇంకొకటి ఉంది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, క్యూఈఎంయూ వంటి ప్రసిద్ధ ప్రాజెక్టులను మొదలుపెట్టిన ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసినది. టీసీసీ -రన్ ఉల్లి.సి అంటే మెమరీలోనే కంపైల్ చేసి వెంటనే నడుపుతుంది, చాలా వేగంగా కూడా. మీరు అడిగినదానికి అక్షరాలా సరిపోయే సాధనం అదే. అయినా జీసీసీ ఇచ్చే హెచ్చరికలకు అది సాటిరాదు కాబట్టి, చదువుకునే దశలో దాన్ని మొదటి సాధనంగా నేను సూచించను.

ఇంట్లో విండోస్ ఉంటే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు పెట్టుకుని పైన చెప్పినదంతా అలాగే చేయవచ్చు. విండోస్ కోసం ఉన్న మిన్‌జీడబ్ల్యూ జీసీసీలో అడ్రస్ శానిటైజర్ దొరకదు. స్క్రిప్టును విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాస్తే వరుస చివర కంటికి కనిపించని అదనపు అక్షరం చేరి, మొదటి వరుసలోని #! తర్వాత రాసిన బ్యాష్ దారి దొరకలేదని లినక్స్ చెబుతుంది; డాస్2యూనిక్స్ అనే ఆదేశం ఆ అక్షరాలను తీసేస్తుంది.

స్క్రిప్టు సిద్ధమయ్యాక దాన్ని నమ్మే ముందు నాలుగు చిన్న పరీక్షలు చేయండి. సరైన ప్రోగ్రాము నడిచాక ఎకో $? అని కొడితే 0 రావాలి. అదే ఫైలులో ఒక సెమికోలన్ తీసేసి మళ్ళీ నడిపితే దోషం మాత్రమే కనిపించాలి, పాత ఫలితం ఒక్క అక్షరం కూడా రాకూడదు. మెయిన్ నుంచి 3ను రిటర్న్ చేసే ప్రోగ్రాముకు 3 రావాలి. 0 వచ్చిందంటే మీ తొలగింపు వరుస దాన్ని మింగేసిందని అర్థం. నల్ పాయింటర్ ద్వారా విలువ రాయబోయే ప్రోగ్రాముకు మామూలు పద్ధతిలో 139 రావాలి, అంటే 128కి సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్ సంఖ్య 11 కలిపినది. శానిటైజర్ ఉన్న పద్ధతిలో మాత్రం ఆ సిగ్నల్‌ను శానిటైజరే అందుకుని వరుస సంఖ్యతో నివేదిక ఇస్తుంది కాబట్టి, అక్కడ 1 వస్తుంది. ఈ నాలుగింటిలో ఏదైనా వేరుగా వస్తే, మీ స్క్రిప్టును, మీకు వచ్చిన సంఖ్యను ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.